నష్టానికి అమ్మే పెద్దలతో మా కిరాణా కొట్లు ఎంతకాలం నిలవగలవు? – కేంద్ర మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

సికింద్రాబాదు వారాసిగూడలో ఇరవై రెండేళ్లుగా కిరాణా కొట్టు నడుపుకుంటున్న నేను నమస్కరించి రాస్తున్నాను. సరుకులు నిమిషాల్లో ఇంటికి చేర్చే పెద్ద యాప్‌లు నష్టానికి అమ్ముతూ మా వంటి కొట్లను దెబ్బతీస్తున్నాయని అధికారులకు రెండు అర్జీలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మొదటిదానికి జవాబే రాలేదు. రెండోదాన్ని సంబంధిత విభాగానికి పంపామని ఒక్క వాక్యం వచ్చింది, ఆ తరువాత ఏ కబురూ లేదు. ఆ రసీదులు గల్లాపెట్టెలో భద్రంగా ఉన్నాయి.

మంత్రి గారూ, పోయిన నెల జరిగిన ఒక్క సంగతి చెబుతాను. డీలరు పంపిన వంటనూనె లీటరు ప్యాకెట్ నాకు 141 రూపాయలకు పడింది. అదే రోజు సాయంత్రం మా వీధిలోని ఒకామె తన ఫోను నా ముందు పెట్టి, అదే కంపెనీ, అదే ప్యాకెట్ 129 రూపాయలకు ఉందని చూపించింది. ఆ యాప్ వాళ్లు నిమిషాల్లో ఇంటికే తెచ్చి ఇస్తారు. "మీరు ఎక్కువ తీసుకుంటున్నారన్నా" అని ఆమె అన్న మాటకు నేను డీలరు బిల్లు తీసి చూపించాను. ఆమె చదివి ఏమీ అనలేక వెళ్లిపోయింది. ఆమె తప్పేమీ లేదు. పన్నెండు రూపాయలు మిగిలితే ఎవరు వద్దంటారు? కానీ కొన్న ధరకన్నా తక్కువకు నేను ఎన్నాళ్లు అమ్మగలను? బేగంబజారు హోల్‌సేల్ మార్కెట్‌కు పోయి తెచ్చుకున్నా ఆ ధర రాదు. పెట్టుబడిదారుల సొమ్ముతో ఏళ్ల తరబడి నష్టం భరించగల వారితో, రోజు గల్లాతో మరునాటి సరుకు తెచ్చుకునే నన్ను పోటీపడమనడం న్యాయమేనా?

2002 నాటి కాంపిటీషన్ చట్టంలోని 4వ సెక్షన్ ఉత్పత్తి ఖర్చుకన్నా తక్కువకు అమ్మి పోటీదారులను దెబ్బతీయడాన్ని నిషేధించింది. అయితే అమ్మేవారికి ఆ మార్కెట్లో ఆధిపత్యం ఉందని ముందు తేల్చాలి. ముగ్గురు నలుగురు పెద్దలు పోటాపోటీగా నష్టానికి అమ్ముతుంటే, విడిగా ఏ ఒక్కరిదీ ఆధిపత్యం కాదు; అందరూ కలిస్తే మాత్రం మా వీధికి మిగిలేది వాళ్లే. ఒకరి ఆధిపత్యం తేలేదాకా మా వంటి కొట్లు ఉంటాయా? 2024 మార్చిలో డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా బయటికి వచ్చినప్పుడు, పెద్ద ఆన్‌లైన్ వేదికలను ముందుగానే కట్టడి చేస్తారని ఎంతో ఆశపడ్డాం. అది ఇంకా చట్టం కాలేదు.

కొట్టు మూతపడితే పోయేది నా ఒక్కడి బతుకే కాదని మీరు గ్రహించాలి. నా ఉద్దెర పుస్తకంలో ముప్పై ఇళ్లు ఉన్నాయి: ఆటో నడిపేవారు, ఇళ్లలో పని చేసే అమ్మలు, నెల జీతం పదో తారీఖుకు గాని అందని వాచ్‌మన్లు. 2020 లాక్‌డౌన్‌లో పని పోయినవారికి ఆ పుస్తకం మీదే బియ్యం, పప్పు ఇచ్చాను. పావుకిలో కందిపప్పు, పది రూపాయల చాయ్‌పత్తా కొనేవారికి ఆ యాప్‌లు చిన్న ఆర్డరని వేరే రుసుము వేస్తాయి. అప్పు ఇచ్చే కొట్టు లేకపోతే వాళ్లు ఎవరి గడప ఎక్కాలి? మా వరసలోనే ఏడాదిలో రెండు కొట్లు షట్టరు దించాయి. అందులో ఒకాయన ఇప్పుడు అదే యాప్ సంచి భుజాన వేసుకుని సరుకులు చేరవేస్తున్నాడు.

మేము సబ్సిడీ అడగడం లేదు. యాప్‌లు మూసేయమనీ అనడం లేదు. నష్టానికి అమ్మే అమ్మకాలపై, ఆధిపత్యం తేలేదాకా ఆగకుండా, విచారణ జరిపించండి. కంపెనీ నుంచి వాళ్లకు ఏ ధరకు సరుకు అందుతోందో, మాకు ఏ ధరకు అందుతోందో పక్కపక్కన పెట్టి చూడమనండి. ఆ డిజిటల్ కాంపిటీషన్ బిల్లును పార్లమెంటుకు తీసుకురండి. దయచేసి ఈసారైనా మా మాట వినండి. మీ అధికారి ఎవరైనా వస్తే నూనె బిల్లు, ఉద్దెర పుస్తకం రెండూ ముందు పెడతాను. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా కొట్లోనే ఉంటాను.

ఇట్లు,
ఒక కిరాణా వ్యాపారి,
వారాసిగూడ, సికింద్రాబాదు