నాయనకు ఉత్తరం

నైరోబీ,
ఆదివారం రాత్రి

నాయనా,

మొన్న ఫోన్లో అమ్మ అడిగిన మాట ఇంకా చెవిలోనే ఉంది. "అలిపిరి కాడ తిరిగే చిరుతను చూసేదానికి అంత డబ్బు పోసి ఆఫ్రికా అడవికి పోయినావా?" అంది. నవ్వేసి ఊరుకున్నాను. కానీ కపిలతీర్థం పక్కన పుట్టి పెరిగి, నీ వెంట అన్నిసార్లు మెట్లెక్కి, నేను ఒక్కసారైనా చిరుతను చూశానా? చూసినోళ్లను చూశానంతే.

మసాయి మారా అభయారణ్యానికి ఇక్కడి నుంచి నరోక్ ఊరి మీదుగా ఐదారు గంటల దారి. మొదటి రెండు రోజులూ సింహాలు, ఏనుగులు కావలసినన్ని. చిరుత జాడే లేదు. తమ్ముడు గ్రూపులో పెట్టి "అక్క తీసిన చిరుత" అని రాసింది చిరుత కాదు, చీతా. కళ్ల నుంచి మూతి దాకా కన్నీటి చారల్లాగా నల్లగీతలుంటే చీతా. చిరుతకు అవి ఉండవు, ఒంటి మీద మచ్చలు చిన్న చిన్న పువ్వుల్లాగా ఉంటాయి. స్వాహిలీలో చిరుత 'చుయి', చీతా 'దూమా'. మన పేపర్లవాళ్లు రెండింటినీ చిరుతే అనేస్తారు.

మూడో రోజు పొద్దున ఇంపాలా జింకలన్నీ ఒకే వైపు చూస్తూ బుసకొడుతుంటే మా డ్రైవర్ బండి ఆపాడు. ఆయన చిరుతను వెతకలేదు నాయనా, తోకను వెతికాడు. మర్రి జాతి చెట్టు ఒకటి ఉంది, దాని కొమ్మ నుంచి ఒక తోక వేలాడుతోంది. పక్క కొమ్మ మీద సగం తిన్న జింక. హైనాలు, సింహాలు లాక్కుంటాయని అంత బరువునూ నోట కరుచుకుని చెట్టెక్కుతుందట.

నా మొదటి నలభై ఫోటోలూ చెత్త. వెనక ఆకాశం తెల్లగా వెలుగుతుంటే కెమెరా మోసపోయి చిరుతను బొగ్గుముక్క చేసింది. ఎక్స్‌పోజర్ పెంచితే మచ్చలు కనబడ్డాయి గానీ ఫోకస్ పోయి ముందున్న ఆకుల మీద కూర్చుంది. అప్పుడు ఫోకస్‌కు ఒకే పాయింటు పెట్టి చిరుత కంటి మీద నిలిపాను. ఇంజను ఆపించి, రాజ్మా గింజలు నింపిన గుడ్డసంచి మీద లెన్సు ఆనించాను. (ఆ రాజ్మానే వచ్చినాక వండుకున్నా, అమ్మకు చెప్పొద్దు.) ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకు మించి ఉండకూడదని రూలు. వెనక వచ్చిన బండ్లు దూరంగా ఆగిపోయాయి. మాకూ టెన్షనే, ఎప్పుడు పొమ్మంటారో అని.

రెండు గంటలు అది నిద్రపోయింది. ఒక్కసారి తలెత్తి నేరుగా నా వైపు చూసింది. నేను క్లిక్ చేయడం మరిచిపోయాను. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది గాలిగోపురం దాటినాక వచ్చే ఆ అడవి దారి. మనకు కనబడనంత మాత్రాన అది మనల్ని చూడలేదనుకున్నాను ఇన్నేళ్లూ. ఇక్కడ నేను ఇనుప బండిలో కూర్చుని ఉన్నా. 2023 ఆగస్టులో ఆ మెట్లదారిలో చిరుత పట్టి చనిపోయిన ఆరేళ్ల పాపకు ఆ బండి లేదు కదా. ఆ తర్వాత దేవస్థానం వాళ్లిచ్చిన కర్ర పట్టుకుని నువ్వు దిగిన ఫోటో చూసి అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. నువ్వు మెట్లెక్కడం మానవని తెలుసు. పొద్దు వాలకముందే, నలుగురితో కలిసి ఎక్కు. పెద్దమ్మ మనవడిని తీసుకుపోతే ముందు పరిగెత్తనీయొద్దు, చేయి పట్టుకో.

ఫోటో పంపుతున్నా. అది చూస్తున్నప్పటిది కాదు, మళ్లీ నిద్రపోయినాక తీసింది. స్టూడియోలో పెద్ద సైజు ప్రింటు వేయించు. ఫ్రేములో పట్టలేదని ఆ అబ్బాయి కింద కత్తిరిస్తానంటాడు. ఒప్పుకోవద్దు, తోక పోతుంది.

నీ కూతురు