లిఫ్ట్ స్పీడుకీ క్యూకీ సంబంధం లేదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో మంచు ప్రదేశాల టూర్ల మీద ఒక పేజీ వేశారు కదా, ఫోటోలు బాగున్నాయి, గుల్‌మార్గ్ నుంచి అమెరికా రిసార్టుల దాకా అన్నీ కలిపి పెట్టారు, చదవడానికి హాయిగా ఉంది. కానీ మధ్యలో ఒక ముక్క రాశారు చూడండి, స్కీ రిసార్టుల్లో లిఫ్టులు, అంటే తిరిగే తాడుకి కుర్చీలో క్యాబిన్లో వేలాడదీసి జనాన్ని కొండపైకి చేర్చేవి, గంటకి 40 కిలోమీటర్ల స్పీడుతో వెళ్తాయి కాబట్టి క్యూలో నిలబడే బాధ ఉండదని, అది మాత్రం మింగుడు పడలేదు. అందులో మొదటి సగం చాలా లిఫ్టుల విషయంలో తప్పు, రెండో సగం దాదాపు అన్నిటి విషయంలోనూ తప్పు. నేనుండేది కొలరాడోలో, డెన్వర్ దగ్గర. చలికాలం వస్తే ఇక్కడి మనవాళ్ళు కొందరు శనివారం తెల్లారకముందే స్కీయింగ్ అని కొండల దారి పడతారు, ఇంకొందరు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి మంచు చూపించడానికి బయల్దేరతారు, అందుకని ఈ లిఫ్టుల గోల మాకు బాగా తెలిసిన గోలే.

ముందు స్పీడు లెక్క చెప్తాను. కుర్చీని తాడుకి కదలకుండా బిగించేసిన పాత రకం లిఫ్టులు ఉంటాయి, ఫిక్స్‌డ్ గ్రిప్ అంటారు, అవి సెకనుకి 2 నుంచి 2.5 మీటర్లు, అంటే గంటకి 7-9 కిలోమీటర్లు. అంతకంటే పెద్దగా పెంచలేరు, ఎందుకంటే తాడు ఎంత స్పీడులో ఉంటే మనం ఎక్కే చోట కుర్చీ కూడా అంతే స్పీడులో వస్తుంది, కాళ్ళకి స్కీలు కట్టుకుని నిలబడ్డ మనిషికి వెనక నుంచి మోకాళ్ళ దగ్గర తగిలి కూర్చోబెట్టుకుని పోతుంది, అదే 20 కిలోమీటర్ల స్పీడులో వస్తే గుద్ది పడేసి పోతుంది. ఎక్కే చోట కదిలే బెల్టు వేసి మనల్ని కూడా కాస్త ముందుకి జరిపితే ఇంకొంచెం పెంచుకోవచ్చు, అంతే. రెండో రకం డిటాచబుల్. ఇందులో కుర్చీ పైన ఉండే క్లాంపు స్టేషన్లోకి రాగానే తెరుచుకుని తాడుని వదిలేస్తుంది, అక్కడ వరసగా తిరిగే రబ్బరు టైర్లు కుర్చీని సెకనుకి ఒక మీటరు దాకా నెమ్మది చేస్తాయి, మనం నింపాదిగా కూర్చున్నాక మళ్ళీ టైర్లే స్పీడు పెంచి తాడుకి పట్టిస్తాయి. అందుకే బయట తాడు సెకనుకి 5 మీటర్లు, గంటకి 18 కిలోమీటర్లు పోతున్నా ఎక్కేవాళ్ళకి తెలీదు. ఈ హైస్పీడ్ నాలుగు సీట్ల లిఫ్ట్ ప్రపంచంలో మొదట వచ్చింది మా పక్కనే, బ్రెకెన్‌రిడ్జ్‌లో, 1981లో, క్విక్‌సిల్వర్ అని పేరు. గొండోలాలదీ ఇదే పద్ధతి, తలుపులున్న క్యాబిన్ కాబట్టి స్టేషన్లో ఇంకా నెమ్మదిగా పాకుతాయి, బయట సెకనుకి 5-6 మీటర్లు. కెనడాలో విస్లర్ దగ్గర పీక్ టు పీక్ అని 2008లో పెట్టింది 7.5 మీటర్లు పోతుంది, గంటకి 27 కిలోమీటర్లు. మరి మీరు రాసిన 40 ఎక్కడిదంటే, రెండే రెండు పెద్ద క్యాబిన్లు ఒకటి పైకి ఒకటి కిందకి తిరిగే ట్రామ్‌లు ఉంటాయి, అవి మాత్రం సెకనుకి 10-12 మీటర్లు అందుకుంటాయి, అవి స్టేషన్లో పూర్తిగా ఆగి జనాన్ని ఎక్కించుకుంటాయి కాబట్టి వాటికి మోకాళ్ళ గొడవ లేదు. చైర్‌లిఫ్ట్ ఫోటో వేసి దాని కింద ట్రామ్ స్పీడు రాస్తే ఎలాగండీ.

ఈ 8 కిలోమీటర్ల లెక్క వెనకాల ఒక మంచి కథ ఉంది. ప్రపంచంలో మొదటి చైర్‌లిఫ్ట్ 1936లో ఐడాహో రాష్ట్రం సన్ వ్యాలీలో పెట్టారు, పెట్టింది యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ, ఆలోచన వాళ్ళ ఇంజనీరు జిమ్ కర్రన్‌ది. ఆయన అంతకుముందు ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే యంత్రం చూసినవాడు, గెల తగిలించే కొక్కెం బదులు కుర్చీ తగిలిస్తే సరి అనుకున్నాడు. మరి మనిషిని ఎంత స్పీడులో ఎత్తుకోవాలి? దానికోసం ఒమాహాలో రైల్వే యార్డులో ఒక ట్రక్కు పక్కన కుర్చీ వేలాడదీసి, నిలబడ్డ మనుషుల్ని వెనక నుంచి ఎత్తుకునేలా ట్రక్కుని రకరకాల స్పీడుల్లో నడిపి చూశారు, అక్కడ మంచు ఎక్కడిది, నూనె పోసిన గడ్డి మీద నిలబెట్టారు, అది కుదరక రోలర్ స్కేట్లు కట్టారు. గంటకి 4 నుంచి 5 మైళ్ళయితే ఎవరికీ ఇబ్బంది లేదని తేలింది. 5 మైళ్ళంటే 8 కిలోమీటర్లు. దాదాపు 90 ఏళ్ళయినా ఫిక్స్‌డ్ గ్రిప్ లిఫ్ట్ ఇంకా ఆ చుట్టుపక్కలే ఉంది, మనిషి మోకాళ్ళు మారలేదు మరి.

ఇక అసలు గొడవ క్యూ గురించి. లిఫ్ట్ స్పీడు పెరిగితే క్యూ తగ్గుతుందని మీరే కాదు, ఇక్కడ ఏళ్ళ తరబడి స్కీ చేస్తున్నవాళ్ళు కూడా అనుకుంటారు, క్యూలో నిలబడి ఈ ముసలి లిఫ్ట్ మార్చి హైస్పీడ్‌ది పెట్టొచ్చు కదా అని తిట్టుకుంటూ ఉంటారు. మన ఆర్టీసీ లెక్కలో చూడండి, ఎక్స్‌ప్రెస్ బస్సు ఎంత స్పీడుగా పోయినా గంటకొకటి వస్తే బస్టాండులో జనం తగ్గరు, పల్లెవెలుగు నత్తలా పోయినా పది నిమిషాలకొకటి వస్తే స్టాండు ఖాళీ. ఇక్కడా అంతే, క్యూని తగ్గించేది కుర్చీకీ కుర్చీకీ మధ్య ఎన్ని సెకన్లు, కుర్చీలో ఎన్ని సీట్లు అనే రెండే. నాలుగు సీట్ల పాత లిఫ్ట్‌లో 6 సెకన్లకో కుర్చీ వస్తే గంటకి 600 కుర్చీలు, 2,400 మంది. హైస్పీడ్ నాలుగు సీట్ల దాంట్లో కూడా 6 సెకన్లకో కుర్చీ అయితే అవే 2,400. తేడా ఏంటంటే పాత దాంట్లో కుర్చీల మధ్య దూరం 15 మీటర్లు, కొత్తదాంట్లో 30, తాడు రెండింతలు పరిగెడుతోంది కాబట్టి కుర్చీలు సగమే సరిపోతాయి. ఇందాక చెప్పిన పీక్ టు పీక్ ఉంది కదా, గంటకి 27 కిలోమీటర్లు పోయేది, 28 మంది పట్టే క్యాబిన్ 49 సెకన్లకొకటి వస్తుంది, గంటకి 2,050 మంది, అంటే ఆ 9 కిలోమీటర్ల కుర్చీ లిఫ్ట్ కంటే తక్కువ! లెక్క వేసి చూసుకుంటే తప్ప నమ్మబుద్ధి కాదు. గుల్‌మార్గ్‌కి మన తెలుగువాళ్ళు బోలెడంతమంది వెళ్తారు, వెళ్ళొచ్చి గొండోలా క్యూ గురించే చెప్తారు, అక్కడ తాడు నెమ్మదిగా పోవడం వల్ల కాదు ఆ క్యూ, ఆరుగురు పట్టే క్యాబిన్లతో గంటకి సుమారు 600 మందినే ఎక్కించగలరు, వచ్చేవాళ్ళు వేలల్లో ఉంటారు. టికెట్లు ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోమని రాసుంటే మీ పాఠకులకి ఆ 40 కిలోమీటర్ల ముక్క కంటే ఎక్కువ పనికొచ్చేది.

ఇంకో మెలిక ఉంది. ఒకటిన్నర కిలోమీటర్ల పాత లిఫ్ట్ 10 నిమిషాలు పడుతుంది, నిమిషానికి 40 మంది చొప్పున ఏ క్షణాన చూసినా 400 మంది గాల్లోనే కూర్చుని ఉంటారు. దాన్ని తీసేసి హైస్పీడ్‌ది పెడితే 5 నిమిషాలు, గాల్లో ఉండేది 200 మందే, మరి మిగతా 200 మంది ఎక్కడికి పోతారు, ఇళ్ళకి పోరు కదా, కిందకి జారే దారి మీదన్నా ఉండాలి క్యూలోనన్నా ఉండాలి. అంటే సీట్లు పెంచకుండా స్పీడు పెంచితే ఒక్కోసారి క్యూ ఇంకా పెరుగుతుంది. ఇక్కడే అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో మ్యాడ్ రివర్ గ్లెన్ అని ఒక చిన్న కొండ ఉంది, స్కీ చేసేవాళ్ళే సహకార సంఘం పెట్టుకుని 1995లో కొనుక్కున్నారు, అక్కడ 1948 నాటి లిఫ్ట్‌లో ఒక్కో కుర్చీకి ఒక్క సీటే. అది పాతబడిపోతే 2007లో కొత్తరకం పెట్టుకోకుండా అదే ఒక్క సీటు లిఫ్ట్‌ని బాగు చేయించుకున్నారు, పైకి ఎక్కువమందిని పంపితే కొండ మీద తొక్కిసలాట, మంచు కూడా తొందరగా పాడవుద్దని. చలిలో ఒంటరిగా కూర్చుని పోవడం నాకైతే నచ్చదు గానీ లెక్క మాత్రం వాళ్ళదే కరెక్టు.

మరి హైస్పీడ్ లిఫ్ట్ దండగా అంటే కాదు, మైనస్ 15లో ఎదురుగాలికి ముక్కు ఎర్రబడి 10 నిమిషాలు వేలాడే బదులు 5 నిమిషాల్లో దిగిపోతాం, అది చిన్న సుఖం కాదు, పైగా ఎక్కేటప్పుడు దిగేటప్పుడు నెమ్మదిగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళు, పిల్లలు పడిపోవడం తక్కువ. లిఫ్ట్ మధ్యమధ్యలో ఎందుకు ఆగుతుందో తెలుసా, చాలాసార్లు మిషన్ పాడై కాదు, ఎక్కే చోటో దిగే చోటో ఎవరో పడ్డారు, వాళ్ళని లేపేదాకా మొత్తం తాడు ఆపాలి, పైన వందలమంది ఊగుతూ కూర్చోవాలి. గాలి ఎక్కువైతే స్పీడు తగ్గిస్తారు, ఇంకా ఎక్కువైతే ఆపేస్తారు. అందుకని బోర్డు మీద రాసిన స్పీడు రోజంతా ఉండదు. మీ పాఠకుల్లో అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఉంటారు కాబట్టి చెప్తున్నా, కుర్చీ లిఫ్ట్ అయితే ఎక్కేముందు ఆపరేటర్‌కి కొంచెం స్లో చేయమని చెప్పండి, మొహమాటపడొద్దు, చేస్తారు, వాళ్ళకి రోజూ ఉండే పనే. కానీ స్కీలు లేకుండా మామూలు బూట్లతో వచ్చేవాళ్ళని చాలా కుర్చీ లిఫ్టులు ఎక్కించుకోవు, ముందే కనుక్కోవాలి. చీర కట్టుకున్న అత్తయ్యలకి, మోకాళ్ళ నొప్పుల మామయ్యలకి గొండోలానే సుఖం, బ్రెకెన్‌రిడ్జ్‌లో ఊళ్ళోంచి కొండ మొదటి దాకా వెళ్ళే గొండోలా అయితే టికెట్ కూడా లేదు, ఫ్రీ. స్కీయింగ్ రానివాళ్ళకి అంతకంటే మంచి టూర్ నాకు కనపడలేదు.

స్పీడు అనగానే భయపడేవాళ్ళకి కూడా ఒక మాట. ఈమధ్య కాలంలో పేరుపడ్డ ప్రమాదాలు చూడండి, లిఫ్ట్ రోజూ పోయే స్పీడులో పోవడం వల్ల జరిగినవి కావవి. గుల్‌మార్గ్‌లో 2017 జూన్‌లో పెద్దగాలికి చెట్టు వచ్చి కేబుల్ మీద పడి 7 మంది చనిపోయారు. ఇటలీలో మొట్టరోనే కొండ దగ్గర 2021 మేలో లాగే తాడు తెగింది, తెగితే పట్టుకోవాల్సిన ఎమర్జెన్సీ బ్రేకు మాటిమాటికీ పడుతోందని దాన్ని పనిచేయకుండా ముందే బిగించి పెట్టారు, 14 మంది పోయారు. జార్జియా దేశంలో గుడౌరిలో 2018 మార్చిలో చైర్‌లిఫ్ట్ వెనక్కి తిరగడం మొదలుపెట్టి అదుపు తప్పింది, జనం కుర్చీల్లోంచి దూకేశారు, చాలామందికి దెబ్బలు, అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. లిఫ్ట్ స్పీడు ఎంత అని అడగడం కంటే గాలి ఎంత ఉంటే ఆపుతారు, బ్రేకులు ఎవరు చెక్ చేస్తారు అని అడగాలి, కొలరాడోలో అయితే దీనికోసమే 1965 నుంచి ఒక ప్రభుత్వ బోర్డు ఉంది, లైసెన్సులూ తనిఖీలూ వాళ్ళే చూస్తారు. మీ విలేకరి ఆ కోణంలో ఒక వ్యాసం రాస్తే బాగుంటుంది.

ఇదంతా ఎక్కడో కొలరాడో గొడవ, మనకెందుకు అనుకోకండి. సోన్‌ప్రయాగ్ నుంచి కేదార్‌నాథ్‌కి 12.9 కిలోమీటర్ల రోప్‌వేకి 2025 మార్చిలో కేంద్ర క్యాబినెట్ ఓకే చెప్పింది, ఖర్చు 4,081 కోట్లు, 36 నిమిషాల్లో పైకి వెళ్ళిపోవచ్చు అన్నారు, అంటే గంటకి 21.5 కిలోమీటర్లు, మంచి స్పీడే, ఇప్పుడు పట్టే 8-9 గంటలతో పోలిస్తే చెప్పక్కర్లేదు. అన్ని పేపర్లూ హెడ్డింగ్‌లో ఆ 36 నిమిషాలే వేశాయి. దాని సామర్థ్యం గంటకి 1,800 మంది, రోజుకి 18,000 మంది. 2025 మేలో గుడి తెరిచిన మొదటి రోజునే 30 వేలమందికి పైగా వచ్చారు. అది మొదలైన రోజు మన జిల్లాల నుంచి వెళ్ళే పెద్దవాళ్ళు 36 నిమిషాలే కదా అని సాయంత్రం ట్రైన్‌కి టికెట్ బుక్ చేసుకోకుండా, ఆ 1,800 అంకె కూడా హెడ్డింగ్ సైజులోనే వేయండి.

ఇట్లు,
మీ ఈ-పేపర్ పాఠకుడు,
డెన్వర్, కొలరాడో