అద్దం మీద చుక్క పడ్డప్పుడే పాలసీ పలకాలి

సంపాదకులు గారికి నమస్కారం.

వాహన బీమా మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి మాత్రమే పనికొచ్చే థర్డ్ పార్టీ పాలసీకీ, మన బండికి జరిగే నష్టానికీ వర్తించే కాంప్రహెన్సివ్ పాలసీకీ తేడా అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. దొంగతనం, వరద, అగ్నిప్రమాదం, అన్నిటికీ చోటిచ్చారు. కారు ముందు అద్దం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, కాంప్రహెన్సివ్ ఉంటే అద్దాలకూ వర్తిస్తుందని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. కార్ల అద్దాలు బిగించడమే నా వృత్తి. ఆ ఒక్క మాట నమ్ముకుని ధీమాగా వచ్చి, బీమా కంపెనీకి ఫోన్ చేశాక మొహం వాడిపోయి నిలబడేవాళ్లను చూస్తూ ఉంటాను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. రాయి తగిలి విండ్‌షీల్డ్ మీద, అంటే ఆ ముందు అద్దం మీద, చిన్న దెబ్బ పడితే, దాన్ని రిపేరు చేయించే ఖర్చు మొత్తం బీమా కంపెనీయే భరించాలి. మన వాటా అంటూ డిడక్టబుల్ పేరుతో అందులో కోత పెట్టకూడదు. క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపును, అంటే నో క్లెయిమ్ బోనస్‌ను, ముట్టుకోకూడదు. ఆ సంగతి పాలసీ కాగితం మొదటి పేజీలోనే కనిపించాలి.

ఎందుకంటారా? ముందు ఆ అద్దం సంగతి కొంచెం చెప్పాలి. పక్క డోర్ల అద్దాలు సాధారణంగా టెంపర్డ్ గాజు. దెబ్బ తగిలితే ఒక్కసారిగా పొడి పొడిగా రాలిపోతాయి. ముందు అద్దం అలా కాదు. రెండు గాజు పలకల మధ్య పల్చని ప్లాస్టిక్ పొర పెట్టి, వేడితో, ఒత్తిడితో అతికిస్తారు. పగిలినా ముక్కలు ఆ పొరను పట్టుకుని ఉంటాయి, మనిషి మొహం మీద పడవు. 1903లో ఫ్రాన్స్‌లో ఎడ్వర్డ్ బెనెడిక్టస్ అనే రసాయన శాస్త్రవేత్త దగ్గర ఒక గాజు సీసా కింద పడి, పగిలి కూడా చెదిరిపోకుండా నిలిచింది. అందులో ఎండిపోయిన ద్రావణం లోపలివైపు పొరలా పట్టేసి ఉందట. ఈ రకం అద్దాలకు అదే మొదలు. 1909లో ఆయన దానికి పేటెంట్ తీసుకున్నారు.

అద్దం రెండు పలకలు కాబట్టే రిపేరుకు వీలుంటుంది. ఎగిరొచ్చిన కంకరరాయి చాలాసార్లు పై పలకనే గాయపరుస్తుంది. లోపలి పలక, మధ్య పొర బాగానే ఉంటాయి. ఆ దశలో మా దగ్గరికి తెస్తే ఏం చేస్తామో చెబుతాను. దెబ్బ తగిలిన చోట చిల్లులో ఇరుక్కున్న గాజు నలుసుల్ని సూదితో తీసేస్తాం. దాని మీద చిన్న పరికరం బిగించి, లోపలి గాలిని, తేమను లాగేసి, రెజిన్ అనే ద్రవాన్ని ఒత్తిడితో ఎక్కిస్తాం. అవతలి వైపు నుంచి టార్చ్ వేసి చూస్తుంటే, నల్లగా కనిపించే సన్నటి చీలికలు ఒక్కొక్కటీ రెజిన్ నిండేకొద్దీ మాయమవుతూ ఉంటాయి. చివరి కొసలో ఒక గాలిబుడగ మొండికేస్తుంది. అది కదిలేదాకా ఒత్తిడి పెంచుతూ, తగ్గిస్తూ కూర్చోవాలి. తర్వాత అల్ట్రావయొలెట్ దీపం కింద రెజిన్ గట్టిపడుతుంది. పైన మిగిలింది బ్లేడుతో గీకి పాలిష్ చేస్తాం. దగ్గరగా చూస్తే చిన్న మచ్చ మిగులుతుంది. అద్దం మాత్రం నిలబడుతుంది, పగులు పాకదు. కంపెనీలో బిగించిన అసలు అద్దాన్ని, దాని అసలు అతుకును కదపాల్సిన పనే ఉండదు. నా మటుకు నాకు దీనికన్నా మంచి రిపేరు లేదు.

అన్ని దెబ్బలకూ ఇది కుదరదు. డ్రైవర్ కళ్లకు సూటిగా ఉన్న చోట పడితే ఆ మచ్చ కూడా ఇబ్బందే. అద్దం అంచుకు పాకినా, లోపలి పలకకు తగిలినా మార్చాల్సిందే. అన్నిటికన్నా ముఖ్యం, ఆలస్యం చేస్తే కుదరదు. వర్షం నీళ్లు, దుమ్ము, వైపర్‌కు పోసే సబ్బునీళ్లు చీలికలోకి దిగాక రెజిన్ సరిగా పట్టదు. ఎండలో నిలబెట్టిన కారులో ఏసీ ఒక్కసారిగా పెంచితే, గోతిలో టైరు పడితే, ఒక్కోసారి డోరు గట్టిగా వేసినా చాలు, మిరపగింజంత చుక్క జానెడు చీలికై కూర్చుంటుంది.

మరి జనం ఎందుకు ఆలస్యం చేస్తారు? నిర్లక్ష్యం అనేస్తారు చాలామంది. నేను ఒప్పుకోను. పాలసీయే వాళ్లను ఆగమంటోంది. డిడక్టబుల్ అంటే ప్రతి క్లెయిమ్‌లో ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా. చిన్న రిపేరు బిల్లు చాలాసార్లు ఆ వాటాను దాటదు. అంటే క్లెయిమ్ పెట్టినా చేతికి వచ్చేది సున్నా. పైగా క్లెయిమ్ పడితే నో క్లెయిమ్ బోనస్ పోతుందేమోనన్న భయం ఒకటి. ప్రీమియం తగ్గుతుందని ఎక్కువ వాలంటరీ డిడక్టబుల్ పెట్టుకున్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. దాంతో ప్రతి ఒక్కరూ అనే మాట ఒకటే: "ఇప్పుడెందుకు లెండి, పెద్దదయితే అప్పుడు ఇన్సూరెన్స్‌లో మార్పించేద్దాం." పెద్దదవుతుంది. అద్దం మొత్తం మార్చాల్సి వస్తుంది. ఆ పెద్ద బిల్లు కంపెనీయే కట్టుకుంటుంది. చిన్న ఖర్చుకు వెనకాడి పెద్ద ఖర్చు నెత్తిన వేసుకోవడం ఏం లెక్కో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇది కొత్త కోరికేమీ కాదు. బ్రిటన్‌లో చాలా కాంప్రహెన్సివ్ పాలసీల్లో విండ్‌షీల్డ్‌కు విడిగా కవర్ ఉంటుంది. మార్చడానికి ఒక వాటా, రిపేరుకు అంతకన్నా తక్కువ వాటా పెడతారు. కొన్ని కంపెనీలు రిపేరుకు అసలేమీ తీసుకోవు. అద్దం క్లెయిమ్‌తో నో క్లెయిమ్ బోనస్ పోకుండా చూసే పాలసీలే అక్కడ ఎక్కువ. అమెరికాలో ఫ్లోరిడా, కెంటకీ, సౌత్ కరోలినా రాష్ట్రాల్లో కాంప్రహెన్సివ్ కవర్ ఉన్నవాళ్లకు విండ్‌షీల్డ్ విషయంలో డిడక్టబుల్ వర్తించకూడదని చట్టమే ఉంది. మన దేశంలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగుదల కోస్తారు గానీ గాజుకు తరుగుదల లేదు. అది మంచి నిబంధనే, దాన్ని తక్కువ చేయను. కాకపోతే డిడక్టబుల్ మాత్రం మన జేబులోంచి పోవాల్సిందే. నో క్లెయిమ్ బోనస్‌ను కాపాడే యాడ్ ఆన్, అంటే అదనపు కవర్, విడిగా కొనుక్కోకపోతే, ఒక్క అద్దం క్లెయిమ్‌తో సాధారణంగా అదీ పోతుంది.

కంపెనీల వైపు నుంచి ఒక అభ్యంతరం ఉంది. ఉచితం అంటే దొంగ క్లెయిములు పెరుగుతాయంటారు. అది ఉత్తి మాట కాదు. ఫ్లోరిడాలోనే అద్దాల షాపులు కస్టమర్ల చేత క్లెయిమ్ హక్కులు తమ పేర రాయించుకుని కంపెనీల మీద కుప్పలుతెప్పలుగా కేసులు వేశాయి. క్లెయిమ్ పెట్టిస్తే బహుమతులిస్తామని ఆశ చూపాయి. చివరికి 2023లో ఆ రెండిటినీ నిషేధిస్తూ అక్కడ చట్టం చేశారు. గమనించండి, ఆపింది షాపుల ఆటను. కారు యజమానికి ఉన్న హక్కును తీసేయలేదు. రిపేరుకు ముందొకటి, తర్వాతొకటి ఫొటో తీసి పంపమంటే మాలాంటివాళ్లం సంతోషంగా పంపుతాం. ఇవాళ ప్రతి మెకానిక్ చేతిలోనూ కెమెరా ఫోన్ ఉంది.

ఇక అద్దం మార్చక తప్పనప్పుడు సంగతి. ఇక్కడ పాలసీ కాగితాలు మరీ మౌనంగా ఉంటాయి. ఇప్పటి కార్లలో చాలావాటికి అద్దం వెనక, లోపలి మిర్రర్ దగ్గర ఒక కెమెరా ఉంటుంది. లేన్ దాటితే హెచ్చరించడానికీ, ఎదురుగా ఏదైనా అడ్డొస్తే తనంతట తానే బ్రేకు వేయడానికీ చాలా కార్లలో ఆ కెమెరాయే కళ్లు. అద్దం మార్చాక దాన్ని మళ్లీ సరిచూసి అమర్చాలి. దాన్నే కాలిబ్రేషన్ అంటాం. కెమెరా చూపు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే, 50 మీటర్ల దూరంలో తేడా దాదాపు 87 సెంటీమీటర్లు. పక్క లేన్‌లో పోతున్న బండిని మన ముందున్నట్టు భ్రమపడటానికి ఆ తేడా చాలు. ఇంత ముఖ్యమైన పని అద్దం క్లెయిమ్‌లో భాగమా కాదా అని అడిగితే, ఒక్కో కంపెనీ ఒక్కో జవాబు చెబుతుంది. ఒకసారి ఒక పెద్దాయన తన బీమా కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. అవతలి గొంతు అద్దానికి ఓకే అంది, కాలిబ్రేషన్ మాట ఎత్తగానే "అది మీరు చూసుకోవాలి సార్" అంది. ఆయన నా వైపు తిరిగి, "అది లేకుండా నడపొచ్చా నాయనా?" అని అడిగారు. నేను వద్దన్నాను. ఆ ఖర్చు ఆయనే పెట్టుకున్నారు. అందరూ అలా పెట్టుకోలేరు, పెట్టుకోలేనివాళ్లు కాలిబ్రేషన్ లేకుండానే బండి తీసుకెళ్తారు. నాకు నిద్ర పట్టని విషయం అది.

ఇంకోటి, అద్దం రకం. వాన సెన్సర్ ఉన్న అద్దం వేరు, చప్పుడు తగ్గించే పొర ఉన్నది వేరు, స్పీడు అంకెలు అద్దం మీదే కనిపించే కార్లకు వాడేది వేరు. ఆ చివరిదాంట్లో మధ్య పొర మందం కింద ఒకలా, పైన ఒకలా ఉంటుంది. మామూలు అద్దం బిగిస్తే అంకెలు రెండుగా కనిపిస్తాయి. పాలసీ ఏ అద్దానికి డబ్బు ఇస్తుంది, కారు కంపెనీ వాడిన రకానికా, బయట దొరికే రకానికా అన్నది ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

బిగింపు గురించీ ఒక మాట. పాత అద్దాన్ని తీగతో కోసి తీశాక, బాడీ అంచున తుప్పు పట్టి ఉంటే ముందు దాన్ని శుభ్రం చేసి ప్రైమర్ వేయాలి. తుప్పు మీదే పేస్ట్ పెడితే అతుకు నిలవదు. మేం వాడే యురెథేన్ పేస్ట్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. ఎంతసేపు పడుతుందన్నది ఆ పేస్ట్‌ను బట్టి, వాతావరణాన్ని బట్టి ఉంటుంది. ఒక్కోదానికి ఒక గంట, ఒక్కోదానికి అంతకన్నా చాలా ఎక్కువ. అప్పటిదాకా బండి కదపకూడదు. కారు బోల్తాపడితే పైకప్పు నలిగిపోకుండా ఈ అద్దం కొంత బరువు మోస్తుంది. చాలా కార్లలో ముందు సీటు ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ ఈ అద్దానికి ఆనుకునే విచ్చుకుంటుంది. అతుకు పచ్చిగా ఉంటే ఆ దెబ్బకు అద్దం బయటికి ఊడి రావచ్చు. బిల్లు బీమా కంపెనీయే నేరుగా షాపుకు కట్టే క్యాష్‌లెస్ పనుల్లో గంటకు ఇన్ని కార్లని లెక్కలు పెట్టే మేనేజర్లు ఇది తెలుసుకోవాలి.

పాఠకులకు పనికొచ్చే సంగతులు కూడా రాస్తాను. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే మీ అద్దానికి పైసా రాదు. కాంప్రహెన్సివ్ ఉన్నా వైపర్ గీతలు, ఏళ్ల తరబడి ఇసుక తగిలి మసకబారడం అరుగుదల కిందికి వస్తాయి, వాటికి రాదు. పాలసీ తీసుకునేనాటికే ఉన్న పగులుకూ రాదు. అందుకే రెన్యూవల్ రోజున అద్దం ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి. సన్‌రూఫ్ అద్దాన్ని అద్దాల కవర్‌లోంచి మినహాయించే పాలసీలున్నాయి, అదీ చూసుకోండి. దెబ్బ తగిలితే ముందు ఫొటో తీసి కంపెనీకి చెప్పండి, తర్వాతే రిపేరుకు వెళ్లండి. తొందరపడి అద్దం మార్పించేసి, పాతది చెత్తలో పడేసి, ఆనక బిల్లు పట్టుకెళ్తే, నష్టం అంచనా వేసే సర్వేయర్ చూడటానికి ఏమీ మిగలదు. దెబ్బ మీద పారదర్శకంగా ఉండే టేపు ముక్క ఒకటి అంటించి తీసుకొస్తే, లోపలికి దుమ్ము, తడి దిగవు, మా పని సులువవుతుంది. వేలితో రుద్దొద్దు, నీళ్లతో కడగొద్దు.

సంపాదకులు గారూ, మీ విలేకరులు బీమా కంపెనీలను మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు పేర్లతో సహా అచ్చు వేయాలని నా మనవి. విండ్‌షీల్డ్ రిపేరుకు డిడక్టబుల్ తీసుకుంటున్నారా? రిపేరు ఒక్కటే చేయిస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుందా? అద్దం మార్చినప్పుడు కెమెరా కాలిబ్రేషన్ ఖర్చు మీదేనా? జవాబులు పక్కపక్కన వేస్తే ఏ పాలసీ కొనాలో పాఠకులే తేల్చుకుంటారు. సాంకేతికంగా ఏ సందేహం వచ్చినా వివరించడానికి నేను సిద్ధం.

ఇట్లు,
కార్ల అద్దాలు బిగించే మెకానిక్, మీ పాఠకుడు