రష్యా వెండి లాట్ వచ్చింది, కానీ అందరూ ఎర్రర్ అనేవన్నీ ఎర్రర్లు కావు

అందరికీ నమస్కారం అండీ. రష్యా వెండి నాణేల లాట్ వచ్చేసింది, లిస్టింగ్ ఎప్పుడని చాలామంది అడుగుతున్నారు, ఇంకో వారం పడుతుంది. ఎందుకంటే ఇది అమ్మినాయన సగం కవర్ల మీద "ఎర్రర్", అంటే తయారీలోనే తప్పు పడిన నాణెం, అని రాసి పంపించారు, రేటు కూడా దానికి తగ్గట్టే వేశారు, నేను ఒక్కొక్కటీ లెన్స్ కింద పెట్టి చూస్తుంటే వాటిలో చాలావరకు ఎర్రర్లు కావు. కానిదాన్ని మీకు అంటగట్టడం నాకిష్టం లేదు. ఆ పేరు తీసేసి మామూలు రేటుకే పెడతాను, ఈ లాట్‌లో నాకు మిగిలేది తక్కువే, పర్లేదు.

ముందు చిన్న కోపెక్కుల సంగతి, కోపెక్కు అంటే రూబుల్‌లో నూరో వంతు. 1718 దాకా వీటిని వెండి తీగ ముక్కల్ని చదును చేసి, రెండు డైల (బొమ్మ చెక్కిన అచ్చుల) మధ్య పెట్టి సుత్తితో కొట్టేవాళ్లు, అందుకే రష్యావాళ్లు వీటిని చేప పొలుసులంటారు. డై కన్నా ముక్క చిన్నది, కాబట్టి రాజు పేరులో కొన్ని అక్షరాలే పడతాయి, మిగతావి బయటికి పోతాయి. రష్యా రాజు పీటర్ ది గ్రేట్ పేరు సగమే ఉంటే అది ఎర్రర్ కాదండీ, ఆ నాణెం పుట్టుకే అంత. పీటర్ కోపెక్కుల్లో 1696 నుంచి గుర్రం కింద సంవత్సరాన్ని అంకెల బదులు స్లావ్ అక్షరాలతో వేశారు, ఆ అక్షరాలు పూర్తిగా పడినవి దొరికితే నేను ఎక్కువ ఇచ్చి కొంటాను, వాటికి ఎక్కువ రేటు అడుగుతాను కూడా.

పెద్ద రూబుళ్లు వేరే కథ. 18వ శతాబ్దంలో డై మీద అక్షరాల్ని ఒక్కో పంచ్‌తో (కొనమీద అక్షరం ఉన్న ఉలితో) చేత్తో కొట్టేవాళ్లు, అందుకని ఒక అక్షరం వాలిపోవడం, తలకిందులవడం, తప్పు అక్షరం మీద సరైనది మళ్లీ కొట్టడం, చుక్కలు ఎక్కువా తక్కువా అవడం ఇవన్నీ నిజంగా జరిగాయి, నాకు ఈ నాణేల మీద ఇంత పిచ్చి కూడా అందుకే, మూడొందల ఏళ్ల కింద పనివాడి చెయ్యి ఎక్కడ తడబడిందో ఇప్పటికీ కనిపిస్తుంది. పరీక్ష ఒక్కటే. తప్పు డై మీద ఉంటే ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే చోట అదే తేడా ఉండాలి. మీ దగ్గరున్న ఒక్కదాని మీదే ఉందంటే అది దెబ్బో, అరుగుదలో, కొట్టేటప్పుడు డై కదలడమో. కదిలినప్పుడు వచ్చే డబుల్ గీత చదునుగా మెట్టులా ఉంటుంది, దానికి నేను పైసా ఎక్కువ వేయను.

రష్యా ఆఖరి రాజు నికొలాస్ 2 కాలం రూబుళ్లు కొనేవాళ్లు దయచేసి అంచు చూడండి. ముఖం వైపు అన్నీ ఒకేలా ఉంటాయి, తేడా అంతా అక్కడే. 1898 రూబుల్ తీసుకోండి, అంచు మీద టంకశాల అధికారి అపోలోన్ గ్రాస్‌హోఫ్ పొడి అక్షరాలు ఉంటే సెయింట్ పీటర్స్‌బర్గ్ టంకశాలలో కొట్టింది, ఒక నక్షత్రం ఉంటే పారిస్, రెండుంటే బ్రస్సెల్స్. ఇవి ఎర్రర్లు కావు, రకాలు, రేట్లు మాత్రం వేరు. అదే అంచు మీద "చిస్తాగో" (స్వచ్ఛమైన అని అర్థం) అనీ, 1924 సోవియట్ యాభై కోపెక్కుల మీద "చిస్తోగో" అనీ ఉంటుంది, ఇదొక స్పెల్లింగ్ ఎర్రర్ అని కొందరు అమ్ముతున్నారు, అది 1918 నాటి రష్యన్ స్పెల్లింగ్ సంస్కరణతో మారిన రాత, అంతే.

నకిలీలు చాలా ఉన్నాయి కాబట్టి ఇక నుంచి ప్రతి రూబుల్‌కీ అంచు చుట్టూ ఫోటోలు, తూకం పెడతాను, నికొలాస్ రూబుల్ 20 గ్రాములు, 900 వెండి (వెయ్యికి 900 వంతులు), అంటే అసలు వెండి 18 గ్రాములు, అందులో తేడా కనిపిస్తే ఆ నాణెం లిస్టింగ్‌లోకే రాదు. ఇంతకుముందు కవర్ మీద రాసింది చూసి ఫోన్‌లో బుక్ చేసుకున్నవాళ్లు కొత్త ఫోటోలు, కొత్త రేటు చూశాకే ఓకే చెప్పండి, వద్దంటే అడ్వాన్స్ పూర్తిగా వెనక్కి వేస్తాను.