టీకాల పేజీ నిండింది, ఆ పక్క పేజీ ఖాళీగానే ఉంది
వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి ఒక తల్లి బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. గుంటూరులో ఉంటున్న ఒక ఆరేళ్ల పిల్లవాడి తల్లిని నేను. మా బాబుకు ఆటిజం ఉంది, అంటే ఎదుటివారితో కలవడం, మాట్లాడడం తోటి పిల్లల్లా రాని ఎదుగుదల తేడా. అలాంటి పిల్లలను ముందే గుర్తించి సాయం అందించాలని రెండేళ్లలో నాలుగు అర్జీలు ఇచ్చాను. రెండింటికి రసీదులు ఇచ్చారు. ఒకదానికి ‘సంబంధిత అధికారికి పంపడమైనది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. నాలుగోది ఎక్కడ ఉందో అడిగితే చెప్పేవారు లేరు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం ఏమిటో, ఎదుగుదల సమస్యలున్న పిల్లలకు జిల్లాలో తొలి సాయం అందించే డీఈఐసీ కేంద్రంలో ఎవరెవరు ఉండాలో మీకు నేను చెప్పనక్కరలేదు. మా ఇంటి గడప దాకా అందులో ఏదీ రాలేదన్నది మాత్రం నేనే చెప్పాలి.

ఇది రాస్తున్నప్పుడు నా ముందు మా బాబు తల్లీబిడ్డల కార్డు ఉంది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి దాచుకున్నాను. టీకాల పేజీలో ఒక్క గడి ఖాళీ లేదు. పుట్టగానే వేసిన బీసీజీ మొదలు పదహారో నెల దాటాక వేసిన బూస్టర్ దాకా తేదీలన్నీ ఉన్నాయి. బరువు గీత కూడా చక్కగా పైకి వెళ్లింది. అదే కార్డులో ఏ వయసుకు బిడ్డ ఏం చేయాలో చెప్పే బొమ్మలున్నాయి. అక్కడ ఒక్క టిక్కు లేదు. ఆ పేజీ తెరిచి నన్ను ఒక్క ప్రశ్న అడిగినవారు లేరు. నేనూ తెరవలేదు, ఆ బాధ నాకు ఎప్పటికీ ఉంటుంది.

మేడ మీద గోరుముద్దలు తినిపిస్తూ ప్రతి తల్లీ చేసే పనే నేనూ చేసేదాన్ని. వేలెత్తి చందమామను చూపించేదాన్ని. వాడు చందమామను చూసేవాడు కాదు, నా ముఖంలోకీ చూసేవాడు కాదు. నా వేలినే చూసేవాడు, లేదంటే నా గాజు మీద పడిన వెలుతురును. ఏడాదిన్నర దాటినా తనకు కావలసినదాని వైపు వేలు చూపలేదు. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి బిస్కెట్ల డబ్బా మీద పెట్టేవాడు. దోబూచులాడితే నవ్వేవాడు కాదు. ‘ఎంత బుద్ధిమంతుడో, మారాం చేయడు’ అని ఇరుగుపొరుగు మెచ్చుకునేవారు. నేనూ మురిసిపోయాను. మాటలు రాలేదంటే, వాళ్ల నాన్నకూ మూడేళ్లకే వచ్చాయని మా అత్తయ్య ధైర్యం చెప్పారు.

ఆ వేలు ఎంత పెద్ద సంగతో చాలా ఆలస్యంగా, రాత్రుళ్లు వాడు నిద్రపోయాక చదువుకుని తెలుసుకున్నాను. తల్లి చూపిన వైపు చూసి మళ్లీ తల్లి ముఖంలోకి చూడడం, తాను చూసినదాన్ని తల్లికీ చూపాలనుకోవడం, ఇవి మాటకంటే ముందు రావలసినవి. అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే పరిశోధకుడు 1970లలోనే ఒక ప్రయోగం చేశారు. తల్లి కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటే, కొన్ని నెలల పసికందు కూడా ఆమెను మళ్లీ తనవైపు తిప్పుకోవడానికి నవ్వుతుంది, చేతులు చాస్తుంది, చివరికి కలవరపడి ముఖం తిప్పుకుంటుంది. 2013లో వారెన్ జోన్స్, అమీ క్లిన్ పసిపిల్లల చూపు ఎటు పోతోందో నెలనెలా నమోదు చేశారు. తరువాత ఆటిజం ఉందని తేలిన పిల్లలు కూడా రెండో నెలలో ఎదుటివారి కళ్లను మిగతా పిల్లల్లాగే చూశారు. రెండో నెలకూ ఆరో నెలకూ మధ్య ఆ చూపు తగ్గుతూ వచ్చింది. ఇది చదివిన రాత్రి లేచి మా బాబు ఆరు నెలల ఫొటోలు తీశాను. మూడింటిలో వాడు ఫ్యాను వైపే చూస్తున్నాడు.

ఆరు నెలల బిడ్డకు ఆటిజం అని తేల్చమని నేను అడగడం లేదు. అది ఎవరికీ చేతకాదని నాకు తెలుసు. కానీ పదహారు నుంచి ముప్పై నెలల పిల్లల కోసం ‘ఎం-చాట్’ అనే ప్రశ్నల పట్టిక ఉంది. అందులో ఉన్నవి ఇరవై ప్రశ్నలు, తల్లి అవును, కాదు అని చెబితే చాలు. యంత్రం అక్కరలేదు, రక్తం తీయనక్కరలేదు. అది రోగనిర్ధారణ కాదు, అనుమానం ఉన్న బిడ్డను డాక్టరు దగ్గరకు పంపే జల్లెడ మాత్రమే. మీజిల్స్-రుబెల్లా రెండో డోసు, డీపీటీ బూస్టర్ వేసేది కూడా సరిగ్గా ఆ వయసులోనే, పదహారు, ఇరవై నాలుగు నెలల మధ్య. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోమంటారు. నేనూ కూర్చున్నాను. బిడ్డ ఒళ్లో ఉన్నాడు, ఏఎన్‌ఎం అమ్మ ఎదురుగా ఉన్నారు, ఆశా కార్యకర్త పక్కనే ఉన్నారు. ఆ అరగంటలో ‘మీ వాడు వేలు పెట్టి చూపిస్తాడా అమ్మా’ అని ఒక్కరు అడిగి ఉంటే మా బాబుకు రెండేళ్లు దక్కేవి.

టీకా వల్లే ఇలా అయిందని మా బంధువు ఒకరు ఇప్పటికీ అంటారు. 1998లో ఆ భయాన్ని పుట్టించిన వ్యాసాన్ని ప్రచురించిన లాన్సెట్ అనే వైద్య పత్రికే 2010లో దాన్ని వెనక్కి తీసుకుందని చెప్పినా వినరు. లక్షణాలు పైకి తెలిసే వయసూ టీకా వయసూ ఒకటి కావడమే ఆ అపోహకు బలం. మీ శాఖ అక్కడే ఆ ప్రశ్నలు అడిగితే తల్లులకు ఆ సంగతీ అర్థమయ్యేలా చెప్పవచ్చు.

మూడేళ్లు దాటాక బడిలో టీచరమ్మ చెబితేగాని మాకు తెలియలేదు. అప్పుడు ఒక ప్రభుత్వ కేంద్రానికి వెళ్లాం. పేరు రాయను. అక్కడున్నవారు మంచివారే, వారి చేతిలోనే ఏమీ లేదు. డాక్టరుగారు ఓపికగా చూసి స్పీచ్ థెరపీ వెంటనే మొదలుపెట్టాలని రాశారు. గదికి బోర్డు ఉంది. లోపల బొమ్మలు కూడా ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్లు విప్పకుండా. థెరపీ చేసే మనిషి లేరు. వచ్చే నెల రమ్మన్నారు. వచ్చే నెల వెళితే, డిప్యుటేషన్ మీద ఒకరు వారానికి ఒక రోజు వస్తున్నారన్నారు. ఆ రోజు వెళితే క్యాంపుకు వెళ్లారన్నారు. ఆ తరువాత వారి కాంట్రాక్టు ముగిసిందన్నారు. కొత్త నోటిఫికేషన్ వస్తుందన్నారు. వచ్చిందా అని అడిగితే ఫైలు పైన ఉందన్నారు. ఇలా పద్నాలుగు నెలలు గడిచాయి. మూడున్నరేళ్ల బిడ్డకు పద్నాలుగు నెలలంటే అప్పటిదాకా బతికిన బతుకులో మూడో వంతు, అయ్యా. ఒక నోటిఫికేషన్ కోసం అంత కాలం ఆగమని పసివాడికి ఎవరు చెప్పగలరు?

ఆగకూడదని పరిశోధనలు ఏనాడో చెప్పాయి. 2010లో జెరాల్డిన్ డాసన్, శాలీ రోజర్స్ బృందం పద్దెనిమిది నుంచి ముప్పై నెలల వయసున్న 48 మంది పిల్లలతో చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. రెండేళ్ల పాటు ఆటలతోనే గట్టిగా శిక్షణ పొందిన పిల్లలు మాటల్లో, తెలివిలో, రోజువారీ పనుల్లో మిగతావారికంటే ముందుకు వెళ్లారు. నేను అది చదివేసరికి మా బాబుకు ఐదో ఏడు.

ఇప్పుడు థెరపీ కోసం వారానికి మూడు రోజులు విజయవాడ వెళ్తున్నాం. ముప్పావు గంటకు ఆరు వందలు. నా భర్త మిర్చి యార్డులో గుమాస్తా, మా ఆదాయం ఎంతో మీరే ఊహించవచ్చు. డబ్బుకంటే బస్సే కష్టం. హారన్ మోగితే వాడు రెండు చెవులూ మూసుకుని అరుస్తాడు. ‘పిల్లవాడిని అదుపులో పెట్టుకోలేవా’ అని ఎవరో ఒకరు అంటారు. కాజ టోల్‌గేటు దగ్గర బస్సు ఆగితే మళ్లీ మొదలు. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో ఆ రద్దీకి నేల మీద కూర్చుండిపోతాడు. అరగంట ఊరుకోబెట్టి తీసుకువెళితే మా సమయంలో సగం అయిపోతుంది. కానీ ఒక్క సంగతి చెప్పాలి. కిందటి ఏడాది వానాకాలంలో బస్సు వారధి మీద వెళ్తుంటే వాడు కిటికీలోంచి నిండుగా పారుతున్న కృష్ణ వైపు వేలు చూపించి, వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూశాడు. ఐదేళ్లకు. నేను బస్సులోనే ఏడ్చాను. ఇంకా ముందే మొదలుపెట్టి ఉంటే ఆ వేలు ఏ చందమామ వైపో లేచి ఉండేది కదా అనిపించింది.

అర్జీ ఇచ్చినప్పుడు ఒక అధికారి ‘ఫోను ఇవ్వకండమ్మా, అదే తగ్గుతుంది’ అన్నారు. నేను ఇచ్చిన ఫోనే కారణమన్నట్టు. తల్లి మమకారం చూపకపోవడం వల్లే ఆటిజం వస్తుందని ఒకప్పుడు పెద్ద పెద్ద వైద్యులే అన్నారు. తానే అలాంటి బిడ్డకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లోనే దాన్ని గట్టిగా ఖండించారు. కవలల మీద జరిగిన పరిశోధనలు జన్యువుల పాత్రను చూపించాయి. ఇన్నేళ్ల తరువాత గుంటూరులో ఒక తల్లి ఆ మాటే వినవలసి వచ్చింది. దయచేసి మీ సిబ్బందికి ఈ ఒక్క సంగతైనా చెప్పించండి.

నిపుణులు దొరకరని మీరు అనవచ్చు. నిజమే కావచ్చు. కానీ గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో జరిగిన ‘పాస్’ అధ్యయనం 2016లో వెలువడింది. అక్కడ ఇళ్లకు వెళ్లింది పెద్ద డిగ్రీలున్న నిపుణులు కారు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. తల్లి బిడ్డతో ఆడుతున్న వీడియోను తల్లికే చూపించి, బిడ్డ ఇచ్చిన సంకేతం ఎక్కడుందో, దాన్ని ఎలా అందుకోవాలో నేర్పారు. పిల్లలు తమంతట తాము తల్లిదండ్రులను పలకరించడం పెరిగింది. మన ఏఎన్‌ఎంలు, ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు అది చేయలేరని నేను నమ్మను. వారిని నేను తప్పుపట్టడమూ లేదు. బరువులు, ఎత్తులు ఫోనులో ఎక్కించడానికే వారికి పొద్దు చాలడం లేదు, నేను కళ్లారా చూస్తున్నాను. వారికి ఈ పని నేర్పండి, నేర్పితే దానికి సమయం కూడా ఇవ్వండి.

పింఛను గురించి రాయడం లేదు. ధ్రువపత్రం కోసం తిరిగిన తిరుగుడూ రాయడం లేదు, అది మొదలుపెడితే ఇంకో లేఖ అవుతుంది. థెరపీ గదిలోని ఖాళీ కుర్చీలో మనిషిని కూర్చోబెట్టండి. టీకా వేశాక ఆ అరగంటలో ఇరవై ప్రశ్నలు అడిగించండి. అనుమానం వచ్చిన బిడ్డను ‘వచ్చే నెల’ అనకుండా చూడండి. మన జిల్లాలో ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారని అడిగితే చెప్పగలిగినవారు నాకు ఒక్కరూ కనిపించలేదు, లెక్క తీయించండి. కుర్చీలో మనిషి ముందు, అయ్యా. మిగతావి ఆ తరువాతైనా సరే.

మా వీధిలో పదిహేడు నెలల పాప ఉంది. కిందటి బుధవారం టీకా వేయించుకుని వచ్చారు. వాళ్ల అమ్మను అడిగి కార్డు తెరిచి చూశాను. టీకా గడిలో తేదీ వేసి ఉంది. పక్క పేజీ ఖాళీగానే ఉంది. ఆ ఇరవై ప్రశ్నలు నేనే తెలుగులో చదివి వినిపించాను, ఆమె అరుగు మీద కూర్చుని ఒక్కోదానికీ ఆలోచించి జవాబు చెప్పింది. పావుగంట పట్టింది.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక తల్లి