మైక్ సెట్ అన్నకి, ఇంకొందరికి

రోబోల పోటీ నుంచి ఇంటికొచ్చేసరికి రాత్రి పన్నెండు దాటింది. కాళ్లు లాగేస్తున్నాయి. ఈ థాంక్స్ పొద్దున రాద్దామనుకున్నాను గానీ, పొద్దునైతే బడి హడావిడిలో పడి రాయనని నాకు తెలుసు. అందుకే ఇప్పుడే.

మా బడి పిల్లలు ఐదుగురు, ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు, రెండు నెలలు కష్టపడి ఒక రోబో చేశారు. నల్ల గీత వెంట నడుస్తుంది, దారిలో ఉన్న దిమ్మెను చేత్తో ఎత్తి పక్క గడిలో పెడుతుంది. పెట్టాలి. పోటీకి అరగంట ముందు ప్రాక్టీసులో, దిమ్మె ఎత్తబోయిన ప్రతిసారీ రోబోని నడిపే సర్క్యూట్ బోర్డు మీది లైటు ఆరి, అంతా మరిచిపోయినట్టు మళ్లీ మొదటికొచ్చింది. కోడ్ మళ్లీ ఎక్కించాం. తీగలు పీకి గుచ్చాం. బ్యాటరీ మార్చాం. అదే తంతు. కోడ్ రాసిన పాప గోడ వైపు తిరిగి ఏడుస్తోంది. నేను ఫిజిక్స్ టీచర్నే, టెన్షన్‌లో నాకూ బుర్ర పనిచెయ్యలేదు.

అప్పుడొచ్చాడాయన. హాల్లో మైక్ సెట్ చూసుకునే మనిషి, భుజాన వైరు చుట్ట. "ఇదేం చేస్తుంది తల్లీ?" అన్నాడు. నన్ను కాదు, పాపని.

ఈ రెండు నెలల్లో ఆ మాట అడిగినవాళ్లు లేరు. మార్కులుంటాయా అన్నారు, టెన్త్‌కి పనికొస్తుందా అన్నారు. పాప కళ్లు తుడుచుకుని మొత్తం చెప్పింది. ఆయన కింద కూర్చుని విన్నాడు. "నాకీ కోడు గీడు తెలీదు గానీ, ఇంకోసారి ఎత్తించు" అన్నాడు. చూసి, "కరెంటంతా చెయ్యే లాగేసుకుంటోంది, బోర్డుకి మిగలట్లేదు" అన్నాడు.

నిజమే. చేతికున్న సర్వో మోటారుకి బోర్డులోని 5 వోల్టుల పిన్ నుంచే కరెంటిచ్చాం. బరువెత్తేటప్పుడు అది ఒక్కసారిగా లాగితే వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. వైర్‌లెస్ మైకులకని దాచుకున్న నాలుగు పెన్సిల్ సెల్స్ తీసిచ్చాడు. మా డబ్బాలో ఖాళీ హోల్డర్ ఉంది. నాలుగూ కలిపి 6 వోల్టులు, చేతికి వేరే సప్లై. ఈసారి లైటు ఆరలేదు గానీ చెయ్యి చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఆయన నవ్వాడు. "మైకు గుయ్‌మంటే మేం ముందు చూసేది గ్రౌండే. రెండు బ్యాటరీల నెగెటివ్‌లు కలిపారా?"

కలపలేదు. అవి కలవకపోతే బోర్డు పంపే సిగ్నల్ చేతికి సరిగా అందదు. నేను పాఠంలో చెప్పే సంగతే!

బయటివాళ్లు రోబోని ముట్టుకోకూడదని రూలుంది. ఆయనకది ఎవరూ చెప్పలేదు. అయినా ఆ నెగెటివ్ తీగలు అతకడానికి సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించి, కరిగించి అతికే లెడ్‌తో పాటు పాప చేతికిచ్చాడు. "లెడ్‌ని ఐరన్‌కి కాదు, తీగకి తాకించు. తీగ వేడెక్కితే అదే పాకుతుంది." మొదటిసారి ముద్దగా వచ్చింది. తీయించి మళ్లీ పెట్టించాడు. రెండోసారి తళుక్కుమంది. తను పెడితే రెండు నిమిషాల పని. అవతల స్టేజీ మీంచి మైక్ కోసం పిలుస్తున్నారు, ఈయన "వస్తున్నానండీ" అంటూనే కదలట్లేదు. నేను కర్టెన్ వెనక్కెళ్లి ఏడ్చాను.

పోటీలో రోబో ఐదు దిమ్మెల్లో మూడు పెట్టింది, నాలుగోది జారింది. బహుమతి రాలేదు.

అసలీ తప్పు బడిలోనే బయటపడాల్సింది. కానీ రోబో కిట్ బడి బీరువాలో ఉంటుంది. పాడైతే స్టాక్ రిజిస్టర్‌కి జవాబు చెప్పాలట, అందుకని తాళం. ఆటల పీరియడ్‌లో నలభై నిమిషాలు ఇచ్చేవారు, అందులో పావుగంట సంతకాలకే సరి. చక్రాలు ఒకరోజు, చెయ్యి ఒకరోజు, అదీ దిమ్మె లేకుండా ఖాళీగా చూసుకున్నాం. అన్నీ కలిపి నడిపే టైమే దొరకలేదు. వాడకుండా కొత్తగా ఉంచడానికా ఆ కిట్ కొన్నది? సరే, ఇప్పుడు వద్దు. ఇంకోటి మాత్రం అనాలి. ఆఖర్న అతిథులందరి పేర్లూ చదివి కృతజ్ఞతలు చెప్పారు, ఎవరి మైకులో చదివారో ఆయన పేరు తప్ప.

మా ఇంట్లోవాళ్లకి థాంక్స్ చెబితే నవ్వుతారు, కాబట్టి చెప్పను.

అయ్యో, స్క్రూలు బిగించే ఎలెన్ కీ ఇచ్చిన పక్క టీమ్ పిల్లలు! తిరిగిచ్చామో లేదో కూడా గుర్తులేదు. సెలవు రోజున వచ్చి ల్యాబ్ తెరిచిన అటెండర్ గారు. ఫోన్లోనే సెన్సర్లు సరిచేయించిన మా పాత స్టూడెంట్. మేము ఆలస్యం చేసినా విసుక్కోని వ్యాన్ డ్రైవర్ గారు. ఇంకా ఎవరినో మరిచాను, తిట్టుకోకండి.

మైక్ అన్న పేరు అడగలేదు, సిగ్గుగా ఉంది. ఆయన చిన్న స్క్రూడ్రైవర్ మా డబ్బాలో వచ్చేసింది. పసుపు పిడి, దానికి నల్ల టేపు చుట్టి ఉంది. ఆయన తెలిసినవాళ్లెవరైనా ఉంటే ఒక్క ముక్క చెప్పండి. నాలుగు సెల్స్ కూడా బాకీ ఉన్నాం.