నడకలో గుండె వేగం: నీ ప్రశ్నకు నా జవాబు

విజయవాడ

ప్రియమైన మిత్రమా,

నడకకు వెళ్లేటప్పుడు గుండె వేగం చూపే పరికరం కొనాలా, కొంటే చేతి వాచీయా, ఛాతీకి కట్టుకునే పట్టీయా అని నువ్వు అడిగిన ప్రశ్నకు ఫోనులో ముక్తసరిగా జవాబు చెప్పబుద్ధి కాలేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తప్పకుండా కొను, అయితే ఎన్ని అడుగులు వేశావో నలుగురికీ చూపించడానికి కాకుండా, ఎప్పుడు వేగం తగ్గించుకోవాలో తెలుసుకోవడానికి కొను. మన బెజవాడ, గుంటూరు ఎండల్లో నడిచేవాళ్లకు దానితో ఉన్న అసలు ప్రయోజనం అదే.

ముందు లెక్క సంగతి చూద్దాం. 220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందన్న సూత్రం నువ్వూ వినే ఉంటావు. మన యాభై ఎనిమిదేళ్లకు అది నిమిషానికి 162. 2001లో వెలువడిన మరో సూత్రం ప్రకారం వయసును 0.7తో గుణించి 208లోంచి తీసేయాలి. అప్పుడు 167 వస్తుంది. రెండూ సగటు లెక్కలే కనుక, ఒకే ఈడు మనుషుల్లో అసలు సంఖ్య పది పన్నెండు అటూ ఇటూ ఉండడం మామూలే. అందుకే విశ్రాంతిలో ఉన్నప్పటి నాడిని కూడా లెక్కలోకి తీసుకునే కార్వొనెన్ పద్ధతి మీద నాకు గురి ఎక్కువ. ఉదయం మంచం దిగకముందే నాడి చూసుకుంటే 72 ఉందనుకో. 162లోంచి 72 పోతే 90 మిగులుతుంది. అందులో నూటికి నలభై వంతులు, అంటే 36, మళ్లీ 72కు కలిపితే 108. అరవై వంతులు కలిపితే 126. ఈ రెండింటి మధ్య గుండె కొట్టుకుంటుంటే అది చురుకైన నడక. వారానికి కనీసం 150 నిమిషాలు చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇలాంటి వ్యాయామమే.

ఇక పరికరం మాట. ఛాతీ పట్టీ గుండె పుట్టించే విద్యుత్ సంకేతాన్ని ఈసీజీలాగే నేరుగా పట్టుకుంటుంది. వాచీ అలా కాదు. అది చర్మం మీదికి పచ్చని వెలుగు పంపి, ప్రతి కొట్టుకోలుకూ రక్తం ఎంత వెలుగును పీల్చుకుంటోందో చూసి లెక్కగడుతుంది. ఇక్కడ నడిచేవాళ్లకే ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. చురుగ్గా నడిచేటప్పుడు మనం నిమిషానికి వంద నుంచి నూట ఇరవై దాకా అడుగులు వేస్తాం. గుండె వేగం కూడా సరిగ్గా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. వాచీ పట్టీ వదులుగా ఉంటే, చెయ్యి ఊపినప్పుడల్లా కలిగే కదలికనే నాడి అనుకుని వాచీ అడుగుల లెక్కను గుండె లెక్కగా చూపించేస్తుంది. సంఖ్య నమ్మదగినట్టే ఉంటుంది కనుక అనుమానం కూడా రాదు. దానికి విరుగుడు తేలికే. మణికట్టు ఎముకకు ఒక వేలి వెడల్పు పైన, జారకుండా బిగించి కట్టుకో. సందేహం వస్తే ఆగిన వెంటనే మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి పదిహేను సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో గుణించు. ఛాతీ పట్టీకి ఈ బాధ తక్కువ; కాకపోతే లోపలి మెత్తలను నీళ్లతో తడిపి కట్టుకోవాలి, లేకపోతే చెమట పట్టేదాకా పిచ్చి సంఖ్యలు చూపిస్తుంది. నీకైతే వాచీ చాలు. బనియను కింద పట్టీ కట్టుకునే ఓపిక నీకు లేదని నాకు తెలుసు.

ఎండాకాలంలోనే దీని విలువ బాగా తెలిసివస్తుంది. వేడిని బయటికి పంపడానికి శరీరం రక్తాన్ని చర్మం వైపు ఎక్కువగా మళ్లిస్తుంది. చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది. అందువల్ల ఒక్కో కొట్టుకోలుకు గుండె తోసే రక్తం తగ్గి, ఆ లోటు పూడ్చుకోవడానికి అది మరింత వేగంగా కొట్టుకుంటుంది. పైగా మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కనుక పట్టిన చెమట త్వరగా ఆరదు. బందరు రోడ్డు స్టేడియంలో చీకటితో నడిచినప్పుడు 112 దగ్గర నిలకడగా ఉండే నా గుండె, మే నెలలో ఏడు దాటాక అదే నడకకు 125 దాటిపోతుంది. కాళ్లకు ఆ తేడా తెలియదు. అప్పుడు వేగం తగ్గించి సంఖ్యను కిందికి దింపుకోవాలే తప్ప, నిన్నటి వేగమే ఈరోజూ నడవాలన్న పంతం పనికిరాదు. దుర్గగుడి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడూ ఇదే పద్ధతి. అన్నట్టు, మా బృందంలో కొందరికి ఎక్కడం కంటే, బెంచీ మీద కూర్చుని రాజకీయాలు మాట్లాడేటప్పుడే సంఖ్య ఎక్కువ కనిపిస్తుంది. దాన్ని వ్యాయామం కింద జమ వేసుకోవడం కుదరదని చెప్పినా వినరు.

నీ విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. నువ్వు వాడే బీపీ మాత్ర మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి బీటా బ్లాకర్ అయితే, పైన వేసిన లెక్క ఏదీ నీకు వర్తించదు. ఆ మందులు గుండె వేగాన్ని అణిచిపెడతాయి కనుక 108 అందుకోవాలని పరుగులాంటి నడక నడిస్తే ప్రమాదం. అలాంటప్పుడు నీ హద్దు ఎంతో డాక్టరుగారినే అడిగి తెలుసుకో. అప్పటిదాకా పక్కవాడితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం దగ్గర ఆగు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే వాచీ ఎంత చూపిస్తోందని చూడకుండా వెంటనే ఆగిపోయి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లు.

ఈ వారమంతా లేవగానే నాడి చూసి రాసిపెట్టుకో. ఆ అంకెలూ, మాత్ర పేరూ నాకు పంపితే, బృందావన్ గార్డెన్స్ స్టేడియంలో నీ నడక ఎలా మొదలుపెట్టాలో మనిద్దరం కూర్చుని లెక్క వేద్దాం. వాచీ అప్పుడు కొనవచ్చు.

ఇట్లు,
నీ మిత్రుడు